టార్గెట్టే డిటెక్టర్ ఎలా అవుతుంది?

నల్గొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముడి ప్రశ్న ఇది.

అణు కేంద్రకాల ప్రయోగాల్లో మామూలుగా టార్గెట్‌గా పెట్టిన పలచటి రేకు మీదికి బీమ్, అంటే వేగంగా దూసుకొచ్చే కణాల ధార, వదులుతారు. ఢీకొన్నప్పుడు పుట్టిన కణాలను పట్టేది డిటెక్టర్. రేకు మందమైతే తక్కువ శక్తితో పుట్టిన కణం అందులోనే ఆగిపోతుంది. పలచనైతే ఢీకొనేవే తగ్గిపోతాయి. అరుదైన కేంద్రకాల బీమ్‌తో అయితే ఇదే పెద్ద టెన్షన్.

అందుకే రేకు బదులు గ్యాస్ నింపిన గది పెడతారు. హైడ్రోజన్, హీలియం లాంటి ఆ గ్యాసే టార్గెట్, కణం దారిని చూపే డిటెక్టర్ కూడా అదే. కణం పోయిన దారి పొడవునా గ్యాస్ నుంచి ఊడిన ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం ప్యాడ్ల (సిగ్నల్ పట్టే చిన్న చిన్న పలకల) మీదికి లాగుతుంది. ఏ ప్యాడ్‌కి తగిలిందో చూస్తే రెండు దిశలు, ఎంత ఆలస్యంగా చేరిందో చూస్తే మూడోది తెలుస్తాయి. ఫ్రాన్స్‌లో గానిల్ అనే అణు పరిశోధన ల్యాబ్‌వాళ్ల యాక్టార్ అనే ఇలాంటి డిటెక్టర్‌లో ప్యాడ్లు 16,384. ఒక్కోటి 2 మిల్లీమీటర్లే.

చిక్కల్లా బీమ్‌తోనే. అది వదిలే ఎలక్ట్రాన్ల గుంపు అసలు సిగ్నల్‌ని మింగేస్తుంది, అందుకే చాలాచోట్ల ఆ ఎలక్ట్రాన్లు ప్యాడ్లకు చేరకుండా బీమ్ పోయే దారిని కప్పేస్తారు.