మొదటి పెడల్ ఏది కొనాలి?

ప్రశ్న: సార్, నేను కాకినాడలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్, 10 వాట్ల ప్రాక్టీస్ యాంప్ ఉన్నాయి. ట్యూషన్లు చెప్పి 7,000 రూపాయలు కూడబెట్టాను. గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే పెడల్స్‌లో ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్... మూడూ గరగరమనేవే కదా, తేడా ఏమిటి? మొదట ఏది కొనాలి? మల్టీ ఎఫెక్ట్స్ తీసుకుంటే అన్నీ అందులోనే వస్తాయంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?

జవాబు: ఓవర్‌డ్రైవ్ కొనండి. ఎందుకో చెబుతాను.

మూడింటి పనీ ఒకటే. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని బాగా పెంచి, హద్దు దాటిన కొనల్ని కత్తిరించడం. ఓవర్‌డ్రైవ్ ఆ కొనల్ని మెత్తగా గుండ్రం చేస్తుంది. డిస్టార్షన్ గట్టిగా కోసేస్తుంది. ఫజ్ ఇంకా ముందుకెళ్లి అలని దాదాపు నలుపలకలుగా మార్చేస్తుంది. అసలు ఈ గరుకు శబ్దం పరికరాల లోపంగానే మొదలైంది. 1960ల తొలి రోజుల్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్‌లో మిక్సింగ్ కన్సోల్ ఛానెల్ పాడైంది. వచ్చిన శబ్దం జనానికి తెగ నచ్చింది. దాన్నే కావాలని పుట్టించడానికి 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ బజారులోకి వచ్చింది.

ఓవర్‌డ్రైవ్‌ని ముందు పెట్టమనడానికి కారణం, అది మీ చేతి మాట వింటుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) తక్కువలో ఉంచి పిక్‌తో మెల్లగా మీటితే దాదాపు క్లీన్‌గా పలుకుతుంది, గట్టిగా మీటితే కరకరమంటుంది. గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని 10 నుంచి 6కి దించి చూడండి, పెడల్ ఆపకుండానే గరుకు తగ్గిపోతుంది. ఒకే పెడల్‌తో రెండు మూడు రకాల టోన్లు వచ్చినట్టే. డిస్టార్షన్‌ని పూర్తిగా తిప్పి వాయిస్తే మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకేలా వినిపిస్తుంది. వద్దనుకున్న తీగల చప్పుడూ దాంతోపాటే పెరుగుతుంది. తీగల్ని అరచేత్తో, వేళ్లతో మ్యూట్ చేయడం చేతికి రాకముందే దాని జోలికి వెళ్లొద్దన్నది నా గట్టి అభిప్రాయం.

ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పేరు వినే ఉంటారు. దానికి నకళ్లు కూడా కోకొల్లలు, తక్కువ ధరలో బాగున్నవీ ఉన్నాయి. ఆ తరహా పెడల్ బేస్‌ని కొంత తగ్గించి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే మిడ్స్‌ని, అంటే మధ్యస్థాయి శబ్దాల్ని ముందుకు తెస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే ‘ఇదేంటి, సన్నగా ఉంది’ అనిపిస్తుంది. డ్రమ్స్, బేస్ గిటార్ తోడయ్యాక చూడండి, మీ గిటార్ ఎక్కడా మునిగిపోదు.

షాపుకి మీ గిటార్ పట్టుకెళ్లండి. వాళ్ల ఖరీదైన ట్యూబ్ యాంప్ వద్దని చెప్పి, మీ యాంప్ లాంటి చిన్నదాన్ని అడగండి. ముందు క్లీన్ ఛానెల్‌లో వాయించండి. తర్వాత పెడల్ నొక్కి, ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా లెవెల్ నాబ్ సరిచేయండి. ఇది చాలా ముఖ్యం. కాస్త బిగ్గరగా ఉన్నదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, ఎక్కువమంది అక్కడే బోల్తా పడతారు. గెయిన్‌ని తొమ్మిది గంటల ముల్లు ఉండే చోట పెట్టి మొదలుపెట్టండి, టోన్ నడిమధ్యన. ఒక్క కార్డ్ కొట్టి అది ఆరిపోయేదాకా వినండి. చివర్లో బరబరమని తెగిపోకుండా సాఫీగా ఆగితే ఆ పెడల్ మంచిదే.

ఉన్న డబ్బంతా పెడల్‌కే పెట్టకండి. 9 వోల్టుల అడాప్టర్, అదనంగా ఒక మంచి కేబుల్ కావాలి. చాలా పెడల్స్‌కి మైనస్ మధ్యలో ఉండే అడాప్టర్ వాడాలి, ఆ గుర్తు పెడల్ మీదే ముద్రించి ఉంటుంది. ఇంట్లో ఖాళీగా పడి ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ మాత్రం గుచ్చొద్దు. వాటిలో చాలావరకు 12 వోల్టులవి, పైగా ప్లస్ మధ్యలో ఉంటుంది. పెడల్ కాలిపోవచ్చు. బ్యాటరీతో వాడితే, వాయించడం అయిపోగానే ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసేయండి. ఆ జాకే స్విచ్చుగా పనిచేస్తుంది కాబట్టి, కేబుల్ ఉన్నంతసేపూ పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

మల్టీ ఎఫెక్ట్స్ విషయానికొస్తే, మీరు హాస్టల్లో ఉండి రాత్రిళ్లు హెడ్‌ఫోన్లతో వాయించేవారైతే అదే సరైనది. యాంప్ మోడల్స్, ట్యూనర్ అన్నీ అందులోనే దొరుకుతాయి. కాకపోతే కంపెనీ ఇచ్చిన ప్యాచ్‌ల్లో (ముందే అమర్చిన సెట్టింగుల్లో) ఒకేసారి నాలుగైదు ఎఫెక్టులు పేర్చి ఉంటాయి, ఏది ఏం చేస్తోందో తెలియదు. ఖాళీ ప్యాచ్ తీసుకుని, ఒక్క ఎఫెక్ట్ మాత్రమే పెట్టి ఒక వారం దాంతోనే గడపండి.

ప్రశ్న: అన్నా, వరంగల్‌లో మా చర్చిలో గిటార్ వాయిస్తాను. ఓవర్‌డ్రైవ్, డిలే (వాయించింది కాసేపటికి మళ్లీ వినిపించేది), రివర్బ్ (పెద్ద హాల్లో వాయించినట్టు మోగించేది) పెడల్స్ ఉన్నాయి. ఆరాధన పాటల్లో వినిపించే ఆ గలగలమనే డిలే నాకు రావడం లేదు, అంతా కలగాపులగం అవుతోంది. పైగా యాంప్‌లోంచి ఆగకుండా వచ్చే గుయ్‌మనే హమ్ భరించలేకపోతున్నాం. యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందని సౌండ్ అబ్బాయి అన్నాడు. తీసేయమంటారా?

జవాబు: ఎర్త్ పిన్ ముట్టుకోవద్దు తమ్ముడూ. హమ్ తగ్గినా సరే, వద్దు. యాంప్‌లో ఎప్పుడైనా లోపం వస్తే కరెంటు మీ గిటార్ తీగల్లోకి వస్తుంది. తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్న క్షణంలో అలా జరిగితే ప్రాణం పోతుంది. ఈ పని చేయమని ఎవరు చెప్పినా వినకండి. హాల్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమని పెద్దలకు చెప్పండి. గిటార్ యాంప్‌కీ, పెడల్స్‌కీ కరెంటు ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోండి.

హమ్ ఎక్కడిదో తేల్చుకోండి. గిటార్ మెడలో ఉండగానే నిలబడ్డచోట మెల్లగా పక్కకి తిరగండి. ఒక దిక్కున శబ్దం బాగా తగ్గితే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) పట్టుకుంటున్న హమ్. లైట్ల డిమ్మర్లకీ, పవర్ ట్రాన్స్‌ఫార్మర్లకీ దూరం జరగండి. ఎటు తిరిగినా మారకపోతే పెడల్స్‌ని ఒక్కొక్కటీ తీసి చూడండి. ఒకే అడాప్టర్‌ని మూడింటికీ పంచే వైరు వాడుతుంటే, డిజిటల్ డిలే వల్ల కీచుమనే సన్నటి చప్పుడు రావచ్చు. ఓవర్‌డ్రైవ్‌ని కాసేపు బ్యాటరీ మీద నడపండి. చప్పుడు పోయిందంటే, ప్రతి పెడల్‌కీ విడివిడిగా కరెంటు ఇచ్చే ఐసొలేటెడ్ పవర్ సప్లయ్ మీద డబ్బు పెట్టొచ్చు.

ఇక డిలే. వరస చూసుకోండి: గిటార్, ఓవర్‌డ్రైవ్, డిలే, రివర్బ్, యాంప్. డిలే ముందు, డ్రైవ్ వెనక ఉంటే ప్రతిధ్వనులు కూడా గరుకెక్కి ఒకదాని మీద ఒకటి పడతాయి. మీరంటున్న కలగాపులగం ఇదే కావచ్చు. యాంప్‌ని క్లీన్‌లోనే ఉంచండి. టైమ్‌కి లెక్క ఉంది. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 80 అయితే 750. అందులో ముప్పాతిక, అంటే 562 దగ్గర డిలే టైమ్ పెట్టి, ఎయిత్ నోట్లు (బీట్‌కి రెండు చొప్పున) కచ్చితంగా తాళానికి వాయించండి. మీరు కొట్టిన నోట్ల సందుల్లో ప్రతిధ్వనులు వచ్చి కూర్చుంటాయి, మీరు కోరుకున్న గలగల అదే. రిపీట్లు మూడు నాలుగు చాలు. మిక్స్ నాబ్‌ని సగం దాటనివ్వకండి. డ్రమ్మర్ క్లిక్ (చెవిలో టెంపో చెప్పే టిక్‌టిక్) లేకుండా వాయిస్తే మాత్రం ట్యాప్ టెంపో, అంటే తాళానికి తట్టి టెంపో చెప్పే వీలు ఉన్న పెడల్ కావాల్సిందే, లేకపోతే రెండో చరణానికే తాళం తప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గర పికప్ ఉన్న అకూస్టిక్ గిటార్ ఉంది. పుట్టినరోజుకి పెడల్ అడుగుతోంది. దానికి పనికొస్తాయా? – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: పనికొస్తాయమ్మా, రివర్బ్ గానీ, రెండు మూడు గిటార్లు కలిసి మోగినట్టు వినిపించే కోరస్ గానీ కొనివ్వండి. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ మాత్రం అకూస్టిక్‌కి వద్దు, యాంప్ కాస్త పెంచగానే ఫీడ్‌బ్యాక్‌తో కూత పెడుతుంది. పెడల్‌తో పాటు అడాప్టర్ ఇస్తున్నారో లేదో అడిగి తీసుకోండి, చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి.