కుక్కపిల్ల వచ్చిన ఇంట్లో నేల సంగతి

చి.ల.సౌ. శిరీషకు,

పెద్దమ్మ ఆశీస్సులు. లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారని మీ అమ్మ చెప్పింది. రెండున్నర నెలల పిల్ల అంటే ఇంకో మూడు నాలుగు నెలలు ఇంట్లో ఎక్కడో ఒకచోట తడి తప్పదు, దానికి విసుక్కోకు. మీ ఇంట్లో హాల్లో తెల్ల మార్బుల్, పడగ్గదుల్లో విట్రిఫైడ్ టైల్స్, అల్లుడుగారు పనిచేసుకునే గదిలో చెక్కలా కనిపించే లామినేట్, బాల్కనీలో తాండూరు బండలు. నాలుగు రకాల నేలకు నాలుగు రకాల జాగ్రత్తలు. ఉచ్చ పడగానే నేల పాడైపోదు తల్లీ. దాన్ని గంటల తరబడి వదిలేసినా పాడవుతుంది, కంగారులో చేతికందిన సీసా పోసినా పాడవుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మార్బుల్, తాండూరు, షాబాదు బండలు, బేతంచెర్ల రాయి, కడప నల్లబండ, ఇవన్నీ సున్నం జాతి రాళ్లే. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. ఏది ఏ రాయో అనుమానం వస్తే, సోఫా కింద కనిపించని మూలన ఒక్క చుక్క నిమ్మరసం వేసి, అయిదు నిమిషాలాగి తుడిచేసి, వెలుతురుకు వాలుగా చూడు. అక్కడ మెరుపు పోయి మసకేస్తే అది సున్నపు రాయి. చీమకుర్తి గ్రానైట్ లాంటి దానికి ఏమీ కాదు. కుక్క మూత్రం మామూలుగా కాస్త పులుపు వైపే ఉంటుంది. అందుకే మార్బుల్ మీద రెండు రకాల దెబ్బ కనిపిస్తుంది. రాయిలోకి ఇంకిన పసుపు మచ్చ ఒకటి, మెరుపు పోయిన మసక ఇంకొకటి. మచ్చను లాగి తీయొచ్చు. మసక మాత్రం మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. ఏది మచ్చో ఏది మసకో తెలియక చాలామంది మసకను తోమి తోమి ఇంకా పెద్దది చేస్తారు.

పిల్ల పోయగానే మొదట చేయాల్సింది తుడవడం కాదు, పీల్పించడం. పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు వేసి మడుగు మీద పరిచి, పాదంతో గట్టిగా అదిమి పట్టు. గుడ్డను రుద్దావంటే తడి పక్క టైలు గాట్లోకి పోతుంది. ఒక మడత తడిస్తే తిప్పి పొడి మడత వెయ్యి. గుడ్డకు తడి అంటడం ఆగాక, మామూలు చల్లనీళ్లు ఒక గ్లాసు పోసి మళ్లీ అలాగే పీల్పించు. ఇది మార్బుల్‌కీ, టైల్స్‌కీ, బండలకీ. లామినేట్ మీద మాత్రం నీళ్లు పొయ్యకు, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ వెయ్యి. లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపొట్టే. పలకల సందులోంచి తడి దిగితే అంచులు ఉబ్బి లేస్తాయి. ఒకసారి ఉబ్బిన పలక మళ్లీ దిగదు, మార్చుకోవాల్సిందే. పిల్ల చెప్పడం నేర్చుకునే దాకా ఆ గది తలుపు వేసి ఉంచడమే మంచిది.

తర్వాత ఎంజైమ్ క్లీనర్. పెంపుడు జంతువుల దుకాణంలో స్ప్రే సీసాల్లో దొరుకుతుంది. తడి ఎంతమేర పడిందో, చుట్టూ ఇంకో బెత్తెడు ఎక్కువగా తడిసేలా కొట్టి, సీసా మీద ఎంతసేపని రాసి ఉంటే అంతసేపు, మామూలుగా పది పదిహేను నిమిషాలు, వదిలెయ్యి. కొట్టిన వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. ఎంజైమ్ పని చేసేది తడిగా ఉన్నంతసేపే. ఫ్యాను కట్టేస్తే త్వరగా ఆరదు. వేడినీళ్లు కలపొద్దు, ఎంజైమ్ చచ్చిపోతుంది. అంతకుముందే అక్కడ ఫినాయిల్ వేసి ఉన్నా పని చేయదు, ముందు ఆ ఫినాయిల్‌ను మంచినీళ్లతో కడిగేయాలి.

ఎంజైమే ఎందుకంటే, ఉచ్చలో యూరియా నీళ్లకు పోతుంది గానీ, యూరిక్ ఆమ్లం స్ఫటికాలు నీళ్లలో సులువుగా కరగవు, వాటిని విడగొట్టేది ఎంజైమే. సబ్బునీళ్లతో కడిగితే ఆ పూటకు వాసన పోయినట్టే ఉంటుంది. వానాకాలం ముసురు పట్టి గాలిలో తేమ పెరిగిందంటే, గాట్లలో ఉండిపోయిన స్ఫటికాలు తేమ పీల్చి మళ్లీ కంపు కొడతాయి. మనకంటే కుక్క ముక్కు ఎంతో చురుకు కాబట్టి, మనకు తెలియని వాసన కూడా దానికి తెలుస్తుంది, అదే చోటికి మళ్లీ వస్తుంది. ఒకే మూలన పదేపదే పోస్తోందంటే అది మొండితనం కాదు, అక్కడ శుభ్రం సరిగ్గా కాలేదని అర్థం.

ఇంకో సంగతి. ఇల్లు తడిగుడ్డ పెట్టే ఆమెకు గట్టిగా చెప్పు, ఆ చోటు మీద మాపుకర్ర పెట్టొద్దని. అదే మాపు, అదే బకెట్ నీళ్లతో మిగతా గదులు తుడిస్తే ఇల్లంతా ఆ వాసన పూసినట్టే అవుతుంది. ఆ పనికి వేరే గుడ్డలు పెట్టి, వేరే బకెట్లో ఉతికించు.

ఇక వాడకూడనివి. టాయిలెట్ కడిగే యాసిడ్ నేల మీద ఎక్కడా వద్దు. మార్బుల్‌నీ బండల్నీ తినేస్తుంది, టైల్స్ మధ్య సిమెంటు గ్రౌటును గుల్ల చేస్తుంది. వెనిగర్, నిమ్మరసం సున్నపు రాళ్ల మీద వద్దు. టైల్స్ మీద వాడినా తర్వాత కడిగేయాలి. బ్లీచింగ్ పౌడర్ ఉచ్చ మీద చల్లితే అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది, కళ్లు మండి దగ్గు పట్టుకుంటుంది. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే ఇంకా ప్రమాదం, క్లోరిన్ వాయువే వస్తుంది. నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ జాతి మందులుంటాయి. పిల్ల పాదాలకు అంటుకుని, నాకితే కడుపులోకి పోతుంది. పిల్లులకైతే వాటి కాలేయం అరిగించుకోలేదు కాబట్టి మరీ చేటు. వాసనకని మూలల్లో నాఫ్తలీన్ ఉండలు పెట్టొద్దు, మింగితే ప్రాణాల మీదకొస్తుంది. కారం చల్లడమూ వద్దు, కళ్లూ ముక్కూ మండి పాపం విలవిల్లాడుతుంది. గేటు ముందు రంగునీళ్ల సీసాలు పెడితే కుక్కలు రావంటారు గానీ, దానివల్ల ఏమీ జరగదు.

మార్బుల్ మీద ఇప్పటికే పసుపు మచ్చ ఉంటే పట్టు వెయ్యి. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతంది ఇస్తారు, సీసా మీద చూసి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అందులో వంటసోడా కలిపి గట్టి పెరుగులా చేసి, మచ్చ మీద అర సెంటీమీటరు మందాన పూసి, పైన పలచటి ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులకు టేపు అంటించి, కవరుకు సూదితో నాలుగైదు బొక్కలు పొడువు. ఒక రోజు ఉంచి కవరు తీసి, పూర్తిగా ఆరి పొడి అయ్యాక ప్లాస్టిక్ గరిటెతో ఎత్తేసి నీళ్లతో కడిగెయ్యి. మచ్చను లాగేది ఆ ఆరడమే, కాబట్టి తొందరపడి తడిగా ఉండగానే తీయొద్దు. పాత మచ్చకు రెండు మూడు సార్లు పట్టు వేయాలి. ఇది తెల్లరాయికే. ముదురు రంగు రాయీ, లామినేటూ తెల్లబడతాయి. పెరాక్సైడ్ పట్టుకునేటప్పుడు చేతులకు గ్లవుజులు వేసుకో, పట్టు మీదకు పిల్ల రాకుండా బుట్ట బోర్లించు.

వాసన వస్తోంది గానీ చోటు తెలియకపోతే 365 నుంచి 395 నానోమీటర్ల యూవీ టార్చి కొనుక్కో. రాత్రి లైట్లన్నీ ఆపి, నేలకు దగ్గరగా పట్టుకుని చూస్తే ఎండిన ఉచ్చ పసుపుపచ్చగా మెరుస్తుంది. సబ్బు మరకలు నీలంగా మెరుస్తాయి, పొరబడకు. దొరికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసి, పొద్దున శుభ్రం చెయ్యి. గోడ వారగా స్కర్టింగ్ కింద తప్పకుండా చూడు. నేల వాలు అటుంటే తడి పారి ఆ సందులోకే దిగుతుంది.

మార్బుల్‌కీ బాల్కనీ బండలకీ సీలర్, అంటే తడి త్వరగా ఇంకకుండా రాయికి పట్టించే మందు, వేయించడం మంచిది. వేయాలో వద్దో తెలుసుకోవడానికి అయిదారు నీటిచుక్కలు వేసి పది నిమిషాలు ఆగు. రాయి నల్లబడితే అది పీలుస్తోందని, సీలర్ కావాలని. కడిగి రెండు రోజులు బాగా ఆరనిచ్చాక, రాయిలోకి ఇంకే రకం సీలర్‌ను గుడ్డతో పలచగా పూసి, పది పదిహేను నిమిషాలకు పైన మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. మిగిలింది అక్కడే ఆరితే తెల్లటి పొర కట్టి రాయి అందం పోతుంది. పని చేసేవాళ్లు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే, దగ్గరుండి చూసుకో. ఆ రోజంతా పిల్లను ఇంకో గదిలో ఉంచు. ఏడాదికోసారి మళ్లీ నీటిచుక్క వేసి చూడు. సీలర్ వేశాం కదా అని ధీమా పడొద్దు. మచ్చ ఇంకడానికి కాస్త గడువిస్తుంది గానీ మసక పడకుండా ఆపలేదు. పడగ్గదుల్లో టైలుకు భయం లేదు, భయమంతా సిమెంటు గ్రౌటుకే. అది స్పాంజిలా పీలుస్తుంది. అక్కడ పాత గ్రౌటు గీకి తీయించి ఎపాక్సీ గ్రౌటు నింపించుకో. పైపైన పూసేది కొన్నాళ్లకే ఊడిపోతుంది.

పిల్ల పడుకునే చోట పసిపిల్లలకు వేసే రబ్బరు షీటు వేసి, పైన నూలు దుప్పటి పరువు. మందుల షాపులో 60 బై 90 సెంటీమీటర్ల అండర్‌ప్యాడ్లు దొరుకుతాయి, అవీ పనికొస్తాయి. హాల్లో తివాచీ, గుమ్మాల దగ్గర మెత్తటి పట్టాలు ఇప్పటికి తీసెయ్యి. కాలికి మెత్తగా తగిలిన చోటే పోయడానికి దానికి ఇష్టం.

వేళలు పాటించడమే అన్నిటికంటే ముఖ్యం. పిల్ల వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలుపు, పగలు ఆపుకోగలిగేది గరిష్ఠంగా అన్ని గంటలే. మీదానికి మూడు మూడున్నర గంటలు. నిద్ర లేవగానే, తిన్నాక పది ఇరవై నిమిషాల్లో, ఆట ఆగగానే బాల్కనీకి తీసుకెళ్లు. టీకాలు పూర్తి కాకుండా వీధిలో దింపొద్దు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ జబ్బు భయం. బాల్కనీలో ఓ ప్లాస్టిక్ ట్రే పెట్టి, అంతకుముందు దాని ఉచ్చ తగిలిన కాగితం ముక్క ఒకటి అందులో వెయ్యి, ఆ వాసనకే అక్కడ పోస్తుంది. పోసిన మరుక్షణమే చిన్న ముక్క ఏదైనా పెట్టి మెచ్చుకో. ట్రే నీళ్లను జాలీలోకి పోసేముందు కింది అంతస్తు వాళ్ల బాల్కనీలోకి కారుతుందేమో చూసుకో. దాని ముక్కును తడిలో రుద్దడం, కొట్టడం ఎప్పుడూ వద్దు. నీ ముందు పోయడం మానేసి సోఫా వెనక్కి, మంచం కిందికి వెళ్లి పోస్తుంది. అక్కడ పోసింది నీకు కనబడేసరికి ఇంకిపోయి ఉంటుంది. తాగే నీళ్లు కూడా తగ్గించొద్దు.

బాగా నేర్చుకున్నాక హఠాత్తుగా మళ్లీ ఇంట్లో పోయడం మొదలుపెడితే, కొంచెం కొంచెంగా పదేపదే పోస్తుంటే, ఎర్రగా కనిపిస్తే, నేల సంగతి పక్కన పెట్టి ముందు పశువుల డాక్టరు దగ్గర మూత్రం పరీక్ష చేయించు. శుభ్రమైన గరిటెతో పోస్తుండగా పట్టి, కడిగి ఆరబెట్టిన చిన్న సీసాలో పోసి, వీలైనంత త్వరగా తీసుకెళ్లు.

ఇట్లు,
పెద్దమ్మ