టెక్ సందేహాలు: టైప్ హింట్ కాపలా కాయదు

ప్రశ్న: పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు టైప్ హింట్లు (ఎక్కడ ఏ రకం విలువ ఉండాలో కోడ్‌లో రాసే సూచనలు) ఎప్పటి నుంచి రాయించాలి? ప్రతి వేరియబుల్‌కూ రాయమంటే విసుక్కుంటున్నారు.

జవాబు: విసుక్కోరూ మరి! ‘వయసు’ అనే వేరియబుల్‌లో 20 వేస్తూ, పక్కనే ‘ఇంట్’ (పూర్ణసంఖ్య) అని రాయిస్తే ఎవరికి లాభం? ఆ సంగతి ప్రోగ్రాం నడపకముందే టైపుల తప్పులు వెతికే చెకర్‌కీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. ఫంక్షన్లు రాయడం వచ్చేదాకా హింట్ల ఊసెత్తకండి. వచ్చాక మాత్రం పారామీటర్లకూ రిటర్న్‌కూ తప్పనిసరి చేయండి. లోపలి వేరియబుల్స్‌లో ఖాళీ లిస్టుకు, ఖాళీ డిక్షనరీకి, మొదట ‘నన్’ (విలువ లేదు) పెట్టి తర్వాత నింపేవాటికి రాస్తే చాలు.

ఇక్కడో మెలిక ఉంది. మామూలు సెట్టింగుల్లో మైపై అనే చెకర్, హింట్ అస్సలు లేని ఫంక్షన్ లోపలికి తొంగి కూడా చూడదు. హింట్ లేని ఫంక్షన్‌ని తప్పుగా చూపించే ‘డిస్‌అలౌ అన్‌టైప్డ్ డెఫ్స్’ సెట్టింగ్ ఆన్ చేయించండి.

అసలు బెంగ వేరే. 2015లో 3.5 వెర్షన్‌తో టైప్ హింట్ల పద్ధతి వచ్చినప్పటి నుంచీ, ప్రోగ్రాం నడిచేటప్పుడు పైథాన్ వాటిని సరిచూడదు. డేటాక్లాస్‌లో (డేటా దాచుకోవడానికి రాసే క్లాస్) ‘అడ్మిన్’ ఫీల్డ్‌కి ‘బూల్’ (ట్రూ లేదా ఫాల్స్) అని రాశారనుకోండి. బయటి నుంచి వచ్చిన జేసన్‌లో (ప్రోగ్రాంలు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం) అది కోట్స్ మధ్య “ఫాల్స్” అనే స్ట్రింగ్‌గా వచ్చింది. డేటాక్లాస్ కిక్కురుమనకుండా పుచ్చుకుంటుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ‘ఇఫ్’ దగ్గర ట్రూ కిందే లెక్క. అడ్మిన్ కాని మనిషి కాస్తా అడ్మిన్ అయి కూర్చుంటాడు! చెకర్ కూడా పట్టుకోదు. జేసన్‌ని చదివే ‘జేసన్ లోడ్స్’ ఫంక్షన్ ఇచ్చేది ‘ఎనీ’ (ఏ టైపైనా సరే) కాబట్టి దేనికి అంటగట్టినా సరేనంటుంది. ‘బూల్’ ఫంక్షన్‌తో మార్చినా వచ్చేది ట్రూనే. ‘దీన్ని ఈ టైపే అనుకో’ అని చెకర్‌కి చెప్పే ‘కాస్ట్’ అయితే నడిచేటప్పుడు విలువను ముట్టుకోనే ముట్టుకోదు.

డేటా లోపలికి అడుగుపెట్టే చోటే విలువ ఏ టైపో సరిచూసే ‘ఈజ్‌ఇన్‌స్టన్స్’తో చూసి, బూల్ కాకపోతే ఎర్రర్ రైజ్ చేయించాలి. షరతు తప్పితే ప్రోగ్రాంని ఆపే ‘అసర్ట్’తో సరిపెట్టొద్దు. మైనస్ ‘ఓ’ (పెద్దక్షరం) ఆప్షన్‌తో నడిపితే అసర్ట్‌లన్నీ ఎగిరిపోతాయి. హింట్లు మొదలుపెట్టిన రోజే ఈ “ఫాల్స్” ప్రోగ్రాంని వాళ్ల చేత రన్ చేయించండి.

ఇక ఈ ఎడిటర్ల సంగతి. తప్పు చూపించే ఎర్రగీత మీద నొక్కగానే ‘టైప్ ఇగ్నోర్’ (ఈ లైన్లో తప్పు వదిలేయమని చెకర్‌కి చెప్పే కామెంట్) చేర్చమంటారా అని అడిగే వరసేమిటో! దాన్ని పరిష్కారాల జాబితాలో పెడితే, నేర్చుకునేవాడు తప్పు దిద్దడం మానేసి దాని నోరు నొక్కడమే నేర్చుకుంటాడు. ఎప్పుడైనా తప్పనిసరై వాడాల్సి వస్తే పక్కన బ్రాకెట్లలో ఎర్రర్ కోడ్ కూడా రాయించండి. కోడ్ లేని ఇగ్నోర్ ఆ లైన్లో ఉన్న మిగతా తప్పుల్నీ మింగేస్తుంది.