హైకోర్టు ఉత్తర్వు కొట్టేసి, కేసును మళ్ళీ అదే అధికారికి ఎందుకు పంపుతుంది?

అధికారి చేసింది చెల్లదని తేల్చిన హైకోర్టు, సరైన ఉత్తర్వు తానే ఇవ్వకుండా కేసును వెనక్కి పంపడమేమిటని మీరు అడిగారు. ఇదే మాట నేను మా వకీలుగారిని కోపంగా అడిగాను.

మా అమ్మ నడిపే రేషను దుకాణాన్ని, బియ్యం నిల్వలో తేడా ఉందంటూ, సంజాయిషీ నోటీసైనా ఇవ్వకుండా రద్దు చేశారు. రిట్ (అధికారుల చర్యను సవాలు చేస్తూ నేరుగా హైకోర్టులో వేసే పిటిషను) వేస్తే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది గాని, బియ్యం నిజంగా తగ్గిందా లేదా అన్న జోలికి పోలేదు. నోటీసిచ్చి, ఆమె వాదన విని, కారణాలు రాసి మళ్ళీ నిర్ణయించమంది.

వకీలుగారు అప్పుడు గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు చెప్పారు. 1950ల చివర కృష్ణా జిల్లాలో బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోబోతే ప్రైవేటు యజమానులు అభ్యంతరం తెలిపారు. విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేల్చడం విచారణే కాదని, పైగా విన్న వ్యక్తి ఆ రూట్లు తీసుకునే పథకంతో సంబంధమున్న శాఖవారేనని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విని పథకాన్ని మళ్ళీ ఆమోదించగా, ఈసారి కోర్టు అడ్డుపడలేదు. రూట్లు ప్రభుత్వం చేతిలో ఉండటం మంచిదా కాదా అన్నది రెండుసార్లూ కోర్టు తేల్చే ప్రశ్న కాలేదు.

1994 నాటి సుప్రీంకోర్టు టాటా సెల్యులార్ తీర్పూ ఇదే చెబుతుంది: కోర్టు అప్పీలు వినడం లేదు, నిర్ణయం తీసుకున్న తీరును మాత్రమే పరిశీలిస్తుంది. అధికారం దాటినా, పద్ధతి తప్పినా, బుద్ధి ఉన్నవారెవరూ తీసుకోలేని నిర్ణయమైనా జోక్యం చేసుకుంటుంది. ఈ హద్దు న్యాయమైనదేనని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. గోదాములోని బస్తాలను న్యాయమూర్తి తూచలేరు కదా.

అందుకే వాస్తవాల పోరాటం అధికారి ముందే చేయాలి. రెండో విచారణలో గోనె సంచుల బరువు, తూకం రసీదులు చూపాక, డిపాజిట్టులో కొంత జప్తు చేసి దుకాణం తిరిగి ఇచ్చారు. అయితే ఎనిమిది నెలలు సరుకు పక్క ఊరి డీలరుకే వెళ్ళింది, ఎందుకంటే విచారణకు గడువు గాని, అంతవరకు సరుకు ఎవరికివ్వాలో గాని మేము రిట్‌లో కోరలేదు. మీ పిటిషనులో ఆ రెండూ తప్పక అడగండి.