ఖాతాల్లో పేరు లేని రంగాన్ని లెక్కగట్టడం గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థలో వ్యవసాయ వ్యాపారం (అగ్రిబిజినెస్, అంటే సాగుతో పాటు దాని ముందూ వెనుకా ఉండే పనులన్నీ) వాటా ఎంతో తేల్చాలనుకుంటున్నానని రాశావు, సంతోషం. అయితే రాష్ట్ర ఖాతాలు ఎంత తిరగేసినా ఆ పేరుతో పద్దు కనిపించదు. పంటలు, పశుపోషణ, అడవులు, చేపలు ఒకచోట ఉంటే, బియ్యం మిల్లు తయారీ రంగంలోనూ, కమీషను వ్యాపారి వర్తకంలోనూ, లారీ కిరాయి రవాణాలోనూ ఉంటాయి. 1950లలో హార్వర్డులో జాన్ డేవిస్, రే గోల్డ్‌బర్గ్ ఈ భావనకు రూపమిచ్చినప్పుడు కూడా ఒక రంగం సరుకు మరో రంగంలో ఎంత వాడారో చూపే 1947 నాటి అమెరికా ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలోంచి ముక్కలు ఏరి కలుపుకోవలసి వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ధాన్యం ఉత్పత్తి విలువకు మిల్లుల ఉత్పత్తి విలువ కలిపేసి, పెద్ద అంకె వచ్చిందని మురిసిపోతూ పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన పెన్సిలు తీసి, "ఈ ధాన్యాన్ని ఎన్నిసార్లు కొలిచావయ్యా?" అని మాత్రం అడిగారు. రైతు 40 రూపాయల విత్తనాలు, ఎరువులు, డీజిలు వాడి 100 రూపాయల ధాన్యం పండిస్తే అతను జోడించిన విలువ, అంటే జీవీఏ, 60. మిల్లరు ఆ ధాన్యం కొని, కరెంటుకూ గోనెసంచులకూ మరో 10 ఖర్చుపెట్టి, బియ్యం, నూకలు, తవుడు మొత్తం 130కి అమ్మితే అతను జోడించినది 20. ఉత్పత్తులు కూడితే 230 వస్తుంది, జోడించిన విలువలు కూడితే 80. ఎరువుల కర్మాగారం జీవీఏను ఆ 80కి కలపడంలో మాత్రం తప్పులేదు, ఎందుకంటే రైతు పద్దులోంచి ఎరువు ఖర్చును ముందే తీసేశాం.

తరువాత కోడ్ల సంగతి. భీమవరం వైపు ఒక రొయ్యల చెరువు గట్టున నిలబడి చూడు. సీడు ఇచ్చే హేచరీ, చెరువు ఒకే విభాగంలో, అంటే పరిశ్రమలకు కోడ్లిచ్చే జాతీయ వర్గీకరణ ఎన్ఐసీ 2008లోని 03లో ఉంటాయి. మేత తయారుచేసే ఫ్యాక్టరీ, తల వలిచి గడ్డకట్టించే ప్లాంటు తయారీలోని విభాగం 10 కిందికి వస్తాయి. ఏరియేటర్లు తిప్పే కరెంటు విద్యుత్ రంగానిది, రొయ్యల్ని సర్దే థర్మోకోల్ పెట్టె ప్లాస్టిక్ పరిశ్రమది. ఐసు ఫ్యాక్టరీని ఆహార పరిశ్రమల్లో వెతుకుతావేమో, అది ఆవిరి, ఎయిర్ కండిషనింగ్ సరఫరాతో పాటు 353లో ఉంటుంది. నేనూ మొదట నమ్మలేదు. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు ఇందుకు తిరగబడిన సంగతి: చూడటానికి ఫ్యాక్టరీయే, పరిశ్రమల వార్షిక సర్వేలోకీ వస్తుంది, కానీ దాని కోడు వ్యవసాయ విభాగం 01 కింద ఉంటుంది. అందుకని ఆహారం, పానీయాలు, పొగాకు తయారీ ఉండే 10, 11, 12 విభాగాలు మాత్రమే లాగితే జిన్నింగు జారిపోతుంది. నలుగురు పనిచేసే ఊరి పిండిమర ఆ సర్వేలోకే రాదు, దానికి అసంఘటిత సంస్థల సర్వే చూడాలి.

అసలు చిక్కు వర్తకం, రవాణా, కరెంటు వంటి ఉమ్మడి రంగాలతోనే. వాటిలో వ్యవసాయ సరుకుకు ఎంత భాగమన్నది ఏ సరుకు ఎక్కడ తయారై ఎక్కడ వాడకమైందో చూపే సప్లై-యూజ్ పట్టికలోని నిష్పత్తులతో తేల్చాలి తప్ప ఊహించకూడదు. జాతీయ పట్టిక నిష్పత్తినే మన రాష్ట్రానికి వాడితే ఆ మాట దాచకుండా రాయి, ఎందుకంటే ఆక్వా ఇంతగా ఉన్న చోట అది సరిపోకపోవచ్చు.

హారం విషయంలోనూ జాగ్రత్త. లవంలో జీవీఏ పెట్టినప్పుడు హారంలో జీఎస్‌డీపీ (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) పెట్టకు, అందులో వస్తువులపై పన్నులు కలిసి, సబ్సిడీలు తీసేసి ఉంటాయి. వాటాలకు ప్రస్తుత ధరలు, వృద్ధికి స్థిర ధరలు వాడు. అమెరికాలో పొలాల వాటా జీడీపీలో 1 శాతం లోపే ఉన్నా ఆహార గొలుసంతా కలిపితే 5 శాతం దాటుతుందని ఎక్కడో చదివి పోలిక పెట్టాలనిపిస్తుంది. ఆ లెక్కలో హోటళ్లు కూడా ఉన్నాయి, నీ లెక్కలో ఉన్నాయో లేవో ముందు చూసుకో.

మొదటి పట్టిక తయారవగానే ప్రతి వరుస పక్కన ఎంత భాగం తీసుకున్నావో, ఎక్కడి నుంచి తీసుకున్నావో రాసి పంపు. నేను మొత్తం జోలికి పోకుండా ముందు ఆ గడులే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న