ఓడిన తొమ్మిది మ్యాచ్‌లు యాడున్నయి తమ్మీ?

నల్లగొండ

తమ్మీ,

నువ్వు పంపిన వ్యాసం చదివిన. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏల ఆడే గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు 2015-16 సీజన్ మీద తెలుగుల ఇంత పొడుగు రాసే పిలగాడు మహబూబ్‌నగర్ల ఉన్నడని తెల్వడమే నాకు సంబురం. మీ నాయిన ఫోన్ జేసి "వాని రాతల ఏమన్న సరుకున్నదా అన్నా, లేకుంటే గ్రూప్స్‌కు చదువుకొమ్మని గట్టిగ చెప్పు" అన్నడు. సరుకున్నది. గ్రూప్స్ సంగతి మీరు మీరు చూసుకోండ్రి.

ఇగ అసలు మాట. 82 మ్యాచ్‌ల సీజన్ల ఆ జట్టు 73 గెలిచి 9 ఓడింది. నీ వ్యాసంల 73 ఉన్నది. వరుసగ 24 గెలుపులతోని మొదలువెట్టుడు ఉన్నది, వాండ్ల స్టార్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ ఉన్నడు, ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌ల ఆఖరిదైన ఏడో మ్యాచ్‌ల క్లీవ్‌లాండ్ చేతుల ఓడిపోవుడు ఉన్నది. మరి ఆ తొమ్మిది ఎటువోయినయి? అక్టోబర్ ఆఖర్ల మొదలైన సీజన్ నీ రాతల డిసెంబర్ల ఒకపారి కనబడి సీదా జూన్ల తేలింది. నడుమ బతుకంతా గాయబ్.

సీజన్ అంటే ఎంత పొడుగో చదివెటోనికి ఒంటికి తెల్వాలె. అక్కడ మొదటి మ్యాచ్ నాటికి మన దిక్కు వానకాలం వరి కోతకొస్తది. ఆ 82 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్ ముగిసే ఏప్రిల్ నడుమకు యాసంగి కోతలు. ఫైనల్స్ అయ్యేసరికి మృగశిర దాటి విత్తనాలు పడుతుంటయి. (ఆ ఏడు మనకు కరువు, కోసెటందుకు చాలా ఊర్లల్ల ఏం లేకుండె. అది వేరే ముచ్చట.) అన్ని నెలలు ఆ పిలగాండ్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుతనే ఆడుతరు. సగం మ్యాచ్‌లు, అంటే 41, పరాయి ఊర్లల్లనే.

డిసెంబర్ 12, మిల్వాకీల మొదటి ఓటమి. స్కోరు 108-95. దీన్ని నువ్వు "ఎట్టకేలకు జైత్రయాత్రకు బ్రేక్ పడింది" అని ఒక్క వాక్యంల దాటేసినవ్. అంతకుముందు రాత్రి ఏమైందో చూసినవా? బోస్టన్ల రెండు ఓవర్‌టైమ్‌లు (స్కోరు సమమైతే ఆడే అదనపు ఆట) ఆడి 124-119తోని గెలిచిండ్రు. తెల్లారితే మిల్వాకీల మ్యాచ్. వరుసగ ఏడు మ్యాచ్‌లు బయట తిరిగిన యాత్రల అది ఆఖరిది. ఇంకొక్కటి చూడు. మిల్వాకీ జనం '24-1' అని అచ్చేసిన టీషర్ట్‌లు తొడుక్కొని కూసున్నరు. అంటే వాండ్ల జట్టు గెలుస్తదని నమ్మి ఎవలో మ్యాచ్‌కు ముందే అచ్చు కొట్టించిండ్రు. గెలువకుంటే ఆ టీషర్ట్‌లు ఏంజేస్తుండెనో! ఇసొంటిది దొరికినప్పుడు 'బ్రేక్ పడింది'తోని ఏం పని?

మార్చి 6, ఆదివారం. లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆ ఏడు 17 గెలిచి 65 ఓడిన జట్టు. అంత పెద్ద పేరున్న జట్టు చరిత్రల అంతకన్న అధ్వాన్నమైన సీజన్ లేదు. ఆ లేకర్స్ వారియర్స్‌ను 112-95తోని ఓడగొట్టింది. కర్రీ, క్లే థాంప్సన్ ఇద్దరు కలిసి మూడు పాయింట్ల గీత అవతలి నుంచి 18 ఏస్తే పడ్డది ఒక్కటి. నీ వ్యాసంల కర్రీ ఆ సీజన్ల 402 త్రీలు, అంటే ఆ గీత అవతలి నుంచి ఏసిన బుట్టలు, కొట్టిండని మళ్ల మళ్ల చెప్పినవ్. ఒక్కపారి చెప్పు చాలు. ఆ పక్కనే, అంతకుముందు రికార్డు 286 అని, అది సుత ఆయనదేనని రాయి. తర్వాత ఈ ఆదివారం ముచ్చట రాయి. అప్పుడు 402 ఎంత పెద్దదో నువ్వు అరవకున్నా తెలుస్తది.

ఏప్రిల్ ఒకటిన సొంత ఊర్ల బోస్టన్ చేతుల ఓటమి. సొంత గడ్డ మీద రెండు రెగ్యులర్ సీజన్ల నుంచి వరుసగ గెలుస్తూ వచ్చిన 54 మ్యాచ్‌ల లెక్క అక్కడ తెగింది. నాలుగు రోజులకు మిన్నెసోటా చేతుల ఓవర్‌టైమ్‌ల ఇంకో ఓటమి. ఇగ ఒక్కటి పోయినా పాత రికార్డు 72ను దాటే 73 రాదు. మిగిలినయన్ని గెలిచిండ్రు. ఆ వారం రోజుల గుబులు నీ వ్యాసంల లేదు. చదివెటోనికి ముందే ఫలితం తెలిసినా భయం పుట్టాలె గద?

కోచ్ స్టీవ్ కెర్ గురించి నువ్వు రెండు ముక్కలు రాసినవ్. 1995-96ల 72 గెలిచిన షికాగో బుల్స్ జట్టుల ఆయన ఆటగాడు. ఆ రికార్డును దాటేసిన జట్టుకు కోచ్. గని నడుము ఆపరేషన్ వల్ల మొదటి 43 మ్యాచ్‌లకు ఆయన బెంచ్ మీదనే లేడు. ల్యూక్ వాల్టన్ నడిపించి 39 గెలిపిస్తే, లెక్కల పుస్తకంల ఆ 39 కెర్ పేరు మీద ఎక్కినయి. ఏ ఆఫీసుల పనిచేసినోనికైనా ఈ బాధ చెప్పక్కర్లేదు.

నేను పేపర్ డెస్క్‌ల ఉన్న కాలంల బాస్కెట్‌బాల్ అంటే బ్రీఫ్స్‌ల నాలుగు లైన్లు. ఏజెన్సీ కాపీ వస్తది, 'చిత్తు', 'మట్టికరిపించింది', 'ఉత్కంఠ పోరు', 'చెలరేగిండు' అని వడ్డించి పేజీ వదులుతుంటిమి. డెడ్‌లైన్ల ఉన్నోనికి వేరే తొవ్వ లేదు. నీకు ఏ డెడ్‌లైన్ ఉన్నది? నీ వ్యాసంల 'చెలరేగిండు' ఎన్నిమార్ల ఉన్నదో ఎర్ర పెన్నుతోని గీసి పంపుతున్న. ప్రతి చోట ఆ ఆటగాడు చెయ్యితోని, కాలుతోని నిజంగ ఏంజేసిండో రాయి. నువ్వు బడిల గార్డ్‌గ ఆడినోడివి. సిమెంటు కోర్టు మీద పక్కకు జారుకుంట డిఫెన్స్ చేస్తుంటే పిక్కలు ఎట్ల గుంజుతయో, పడితే మోకాలి చర్మం ఎట్ల లేస్తదో నీకు తెలుసు. టీవీల కామెంటేటర్ చెప్పనిది అది. వాండ్లది చెక్క కోర్టు అయినా పిక్కలు పిక్కలే.

ఇంకొకటి, నీ పాఠకుడు ఎవలు? మిర్యాలగూడ రైస్‌మిల్లుల గుమాస్తా, అచ్చంపేట టీచరమ్మ, కల్వకుర్తి బస్టాండ్ల సెల్‌ఫోన్ దుకాణం పిలగాడు. వీండ్లకు 24 సెకండ్ల షాట్ క్లాక్ అని ఊకె రాస్తే ఏం ఎక్కది. గని కబడ్డీ ఎక్కుతది. కూతకు పోయినోనికి 30 సెకండ్లు ఎట్లనో, బంతి చేతికొచ్చిన జట్టుకు 24 సెకండ్లు అట్ల. అంతల బంతి రింగుకన్న తగలకుంటే అవతలోళ్లకే పోతది. ఆ గడియారం లేని కాలంల, 1950 నవంబర్ 22న, ఫోర్ట్ వేన్ పిస్టన్స్ బంతిని పట్టుకొని సతాయించి మిన్నియాపోలిస్ లేకర్స్‌ను 19-18తోని గెలిచింది. 48 నిమిషాల ఆటల ఇద్దరివి కలిపి 37 పాయింట్లు! జనానికి ఇసుగు పుట్టింది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ లెక్కేసిండు. మంచిగ సాగిన మ్యాచ్‌ల రెండు జట్లు కలిసి ఒక 120 షాట్లు ఏస్తయి, 48 నిమిషాలంటే 2880 సెకండ్లు, భాగిస్తే 24. 1954ల గడియారం వచ్చింది. ఈ ముచ్చట వ్యాసం మొదట్ల పాఠం లెక్క పెట్టకు, గడియారం అక్కరపడ్డ చోట పెట్టు.

"పిల్లలమర్రి ఊడల వలె వారియర్స్ విజయాలు విస్తరించాయి" అన్న నీ మొదటి వాక్యం కొట్టేసిన. ఊరి మీద ప్రేమ ఉంటే సంతోషమే, గని ఆ మర్రికి ఈ గెలుపులకు సంబంధం ఏంది? "ఆ తెల్లారుజామున నా గుండె ఆగినంత పనైంది" అన్నదాన్ని సుత కొట్టేసిన. ఏడో మ్యాచ్ 2016 జూన్ 19న, మనకు సోమవారం పొద్దుగాల అయిదున్నరకు మొదలైంది. అప్పటికి నల్లగొండ ఇంకా మూడు జిల్లాలు కాలేదు, నువ్వు ఏ మూడో తరగతో, బడికి పోనని ఏడుస్తున్నవేమో. రికార్డింగ్ చూసి రాస్తున్నవని చెప్పుకో, సిగ్గేం లేదు. ఫలితం తెలిసినోనికి అప్పుడు చూసినోడు గమనించనియి కనబడతయి.

ఏం కనబడతయో చెప్త. నాలుగు నిమిషాల 39 సెకండ్లు మిగిలుండంగ స్కోరు 89-89. ఆ తర్వాత వారియర్స్ ఖాతల ఒక్క పాయింట్ పడలేదు. సీజనంతా బుట్టలు నింపిన జట్టు! రెండు జట్లు ఏస్తున్నయి, ఏదీ పడ్తలేదు. నిమిషం 50 సెకండ్లు ఉండంగ వారియర్స్ ఆటగాడు ఆండ్రె ఇగుడాలా బుట్ట కిందికి ఉరికిండు. క్లీవ్‌లాండ్ ఆటగాడు జేఆర్ స్మిత్ చెయ్యి తప్పించుకుందామని గాలిల రవ్వంత ఆగిండు. ఆ రవ్వంతలనే వెనుకనుంచి స్మిత్ జట్టోడే లెబ్రాన్ జేమ్స్ వచ్చి బంతిని బోర్డుకేసి కొట్టిండు. ఆ బ్లాక్ గురించి అందరు రాసిండ్రు, నువ్వు సుత రాసినవ్. స్మిత్ చెయ్యిని ఎవలు రాసిండ్రు? 53 సెకండ్లున్నప్పుడు క్లీవ్‌లాండ్ ఆటగాడు కైరీ ఇర్వింగ్ త్రీ పడ్డది, 92-89. ఆ వెంటనే కెవిన్ లవ్ అనే పొడుగు మనిషి, డిఫెన్స్ రాదని అందరితోని మాటలు పడ్డోడు, మూడు పాయింట్ల గీత కాడ కర్రీ ముంగట నిలవడ్డడు. కర్రీ అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, లవ్ కాళ్లు విడువలేదు. షాట్ తప్పింది. ఆఖరికి 93-89. నాకైతే ఆ బ్లాక్ కన్న ఈ కాళ్లే పెద్దగ కనబడతయి. నువ్వు ఒప్పుకోకున్నా సరే, చూసి కొట్లాడు.

వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్‌ను 'విలన్' అన్నవ్. అయిదో మ్యాచ్‌కు సస్పెండ్ అయి జట్టును ముంచిండన్నది నిజమే. అదే మనిషి ఏడో మ్యాచ్‌ల 32 పాయింట్లు, 15 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతి పట్టుడు), 9 అసిస్ట్‌లు (తోటోడు బుట్టేసేటట్టు బంతి అందించుడు) చేసిండు. రెండూ పక్కపక్కన పెట్టు. విలనో కాదో చదివెటోడు తేల్చుకుంటడు.

ఇప్పుడు నీకొక పని. వారియర్స్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి, అదే సీజన్ల ఫిలడెల్ఫియా గురించి రాయి. వాండ్లు 10 గెలిచి 72 ఓడిండ్రు. మొదటి 18 మ్యాచ్‌లు వరుసగ ఓడి, డిసెంబర్ 1న లేకర్స్ మీద 103-91తోని తొలి గెలుపు చూసిండ్రు. అది లేకర్స్ స్టార్ కోబీ బ్రయంట్‌కు పుట్టిన ఊర్ల ఆఖరి మ్యాచ్. జనం వచ్చింది ఆయనను సాగనంపెటందుకు, గెలిచింది వాండ్ల ఓడిపోయే జట్టు. హైలైట్స్ చూడకు, ప్లే-బై-ప్లే పట్టీ (ఏ సెకండ్ల ఎవలేంజేసిండ్రో రాసిన పట్టిక) ముంగటేసుకొని మొత్తం మ్యాచ్ చూడు. పెద్దగ వద్దు, నాలుగు పేజీలు చాలు. దసరాకు నల్లగొండ వస్తరని మీ నాయిన చెప్పిండు. అప్పటికి రాసి తెచ్చుకో, రామగిరి ఇంట్లనే ఉంట. కర్రీ పేరు ఒక్కసారి కనబడ్డా వాపస్ ఇస్త.

మీ అన్న