రెప్లికా మీద చెయ్యి తిరగాలంటే

ప్రశ్న: సార్, స్నేహితుడు నాకొక డైవర్ వాచీ రెప్లికా ఇచ్చాడు. దూరం నుంచి చూస్తే అసలుదే అనుకుంటారు. దగ్గరకొస్తే మాత్రం తేదీ అంకె కిటికీలో ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే రింగు) వదులుగా ఆడుతుంది, స్టీల్ చైన్ అంచులు చేతికి గీసుకుంటాయి. దీన్ని వీలైనంత వరకు అసలుకి దగ్గరగా తేవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: వెనక మూత దగ్గర. డయల్, అద్దం, ముళ్ళు అన్నీ తర్వాత. మూత తీసి లోపల ఏ మిషన్ ఉందో చూడండి. ఏ విడిభాగం సరిపోతుంది, దేని మీద డబ్బు పెట్టాలి అన్నది అదే చెబుతుంది.

లోపల సెయికో ఎన్‌హెచ్35 కనబడితే మీ పంట పండినట్టే. 27.4 మిల్లీమీటర్ల వ్యాసం, 5.32 మందం, గంటకు 21,600 బీట్లు (టిక్కులు), 24 రాళ్ళు (అరుగుదల తగ్గించే కెంపులు), నిండుగా కీ ఇస్తే 41 గంటల నడక. దీనికి సరిపోయే డయళ్ళు, ముళ్ళు, కేసులు (బయటి లోహపు పెట్టెలు) దొరికినన్ని మరే మిషన్‌కీ దొరకవు. స్విస్ ఈటీఏ 2824-2 ని చూసి చేసిన సీగల్ ఎస్‌టీ2130 లాంటి చైనా మిషన్ ఉన్నా బాధ లేదు. అది 28,800 బీట్ల మిషన్, సెకన్ల ముల్లు ఇంకాస్త నున్నగా జారుతుంది. పేరూ ఊరూ లేని మిషన్ ఉంటే మాత్రం దాని మీద పైసా పెట్టకండి. విప్పి బిగించడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి వస్తువు ఉండదు.

'అది తీసేసి ఎన్‌హెచ్35 పెట్టేస్తే సరి కదా' అని మీకు తోచే ఉంటుంది. సరిపోదు. 2824-2 తరహా మిషన్ 25.6 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మందం. దాని కోసం తొలిచిన కేసులో 27.4 పట్టదు. ఎలాగో పట్టించినా, క్రౌన్ (కీ తిప్పే గుండీ) వెనక ఉండే సన్నని కాడ, అంటే స్టెమ్, దూరే రంధ్రం ఎత్తు కలవదు. వంకరగా దూర్చిన స్టెమ్ కొన్నాళ్ళు తిరిగి ఆ తర్వాత విరుగుతుంది.

ఇక మీరు చెప్పిన లోపాలు. తేదీ ఒరిగి ఉండటానికి సాధారణంగా రెండు కారణాలు. డయల్ వెనక ఉండే రెండు చిన్న కాళ్ళని ఎవరో కోసేసి, జిగురు చుక్కలతో అంటించి ఉంటారు. అలాగైతే డయల్‌ని తీసి, కిటికీ మధ్యకి అంకె వచ్చేట్టు జరిపి కొత్త చుక్కలతో అంటించుకోవచ్చు. కాళ్ళు ఉండి కూడా అంకె పక్కకే ఉంటే డయల్‌కీ మిషన్‌కీ పొత్తు కుదరలేదన్నమాట, డయల్ మార్చడమే మందు. తేదీ మీద ఉన్న చిన్న భూతద్దం సంగతి కూడా చూడండి. అసలు రోలెక్స్‌లో అది రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. నకళ్ళలో చాలావాటికి అంత శక్తి ఉండదు, అందుకే అంకె బక్కచిక్కి కనిపిస్తుంది.

అద్దం మార్చే ఉద్దేశం ఉంటే సఫైర్‌దే తీసుకోండి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద సఫైర్ 9, మామూలు మినరల్ గ్లాసు 5, 6 మధ్య. దుమ్ములో ఉండే ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, 7. మినరల్ గ్లాసుకి ఎందుకు గీతలు పడతాయో, సఫైర్‌కి ఎందుకు పడవో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

బెజెల్ 120 క్లిక్కులదైతే ఒక్కో క్లిక్కు అర నిమిషం. పన్నెండు దగ్గరి త్రిభుజం డయల్ గుర్తుకి అర క్లిక్కు అటో ఇటో ఉంటే కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. పైన అంటించిన రింగుని కొంచెం వేడి చేసి, ఊడదీసి, సరిచూసి మళ్ళీ అంటిస్తే తీరిపోతుంది. వదులుగా ఆడటానికి కారణం కింద ఉండే స్ప్రింగు. దాన్ని కొద్దిగా పైకి వంచితే బిగుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అంచులు. చవక వాచీని చెయ్యి మొదట పట్టుకునేది అక్కడే. కొమ్ముల (కేసుకి చైన్ తగిలించే చోట్ల) అడుగు, చైన్ లింకుల పక్కలు, కొక్కెం మూత, అన్నీ కోసిన రేకులాగే వదిలేస్తారు. మిషన్ బయటికి తీసేశాక 1000 నంబరు ఎమరీ కాగితంతో ఆ అంచుల్ని ఊరికే తాకినట్టు రుద్దండి, పదును చావాలి, ఆకారం చావకూడదు. పైభాగంలో గీతల ఫినిషింగ్ ఉన్నచోట ఒకే దిక్కుకి, ఒక్క ఊపులో లాగాలి. వెనక్కి ముందుకి రుద్దితే ఆ గీతలు ఎంత వెతికినా వరసకి రావు. పక్కన మెరుపు పాలిష్ ఉంటే టేపు వేసి కప్పండి. మెత్తని గుడ్డ చక్రంతో పాలిష్ చేయడం మాత్రం మానండి. కోణాలు గుండ్రమైపోయాయంటే ఆ పోయిన లోహాన్ని మళ్ళీ తేలేరు.

చివరిగా నా అభిప్రాయం. 'అసలుకి దగ్గరగా' అంటే డయల్ మీద పేరు కూడానా? నల్ల డయల్, తిరిగే బెజెల్, చీకట్లో వెలిగే గుర్తులు 1953 నుంచీ ఉన్నవే. రోలెక్స్ సబ్‌మరైనర్, బ్లాంక్‌పాఁ ఫిఫ్టీ ఫాదమ్స్ రెండూ ఆ ఏటివే. ఆ రూపాన్ని అనుసరిస్తూ తమ సొంత పేరుతో వాచీలు చేసే కంపెనీలు లెక్కలేనన్ని ఉన్నాయి. తగువంతా వేరొకరి పేరు, గుర్తు వాడుకోవడం దగ్గరే. పేరు లేని ఖాళీ డయళ్ళు దొరుకుతాయి, ఒకటి తెప్పించుకోండి. ఉన్న పేరుని గోకి తీసేద్దామని చూడకండి, కింది లక్క లేచిపోతుంది. నకలు అక్షరాల సైజు అసలు అక్షరాలతో కలిసిందా లేదా అని రాత్రుళ్ళు మేలుకునే వాళ్ళని చూశాను. అదే శ్రమ అంచుల మీద పెడితే చేతికి హాయిగా ఉండే వాచీ వచ్చేది.

ప్రశ్న: మొదట ఏ పనిముట్లు కొనాలి? సెట్టు కొంటే సరిపోతుందా?

జవాబు: ఇరవై ముప్ఫై వస్తువుల సెట్టులో పనికొచ్చేవి నాలుగైదు. స్క్రూడ్రైవర్లు మాత్రం మంచివి కొనండి. మెత్తటి మొన స్క్రూ గాడిని చెడగొడుతుంది, చెడిన గాడి జీవితాంతం కనబడుతుంది. కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నని ట్వీజర్లు, ముళ్ళు పైకి లేపే రెండు చిన్న మీటలు, ముళ్ళు నొక్కే ప్రెస్, దుమ్ము ఎత్తే రోడికో అనే ముద్ద, వేళ్ళకి రబ్బరు తొడుగులు. డయల్ మీద వేలిముద్ర పడిందంటే తుడిచినకొద్దీ పెద్దదవుతుంది. పట్టీ పిన్నులు తీసేటప్పుడు వాచీని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి చేతులు లోపలికి దూర్చి తీయండి. ఎగిరిన పిన్ను సంచిలోనే ఉంటుంది, మంచం కింద వెతుక్కునే పని తప్పుతుంది. నూనె సీసా మాత్రం ఇప్పుడే వద్దు. కొత్తవాళ్ళ చేతిలో నూనె చేసే చేటు దుమ్ము కూడా చెయ్యదు.

ప్రశ్న: ఎన్‌హెచ్35 కి కొత్త ముళ్ళు పెట్టాను. సెకన్ల ముల్లు కొన్నిసార్లు ఆగిపోతోంది. పైగా తేదీ మధ్యాహ్నం నాలుగింటికి మారుతోంది. మిషన్ పాడైందా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక గృహిణి)

జవాబు: మిషన్‌కేం కాలేదమ్మా, టెన్షన్ పడకండి. తేదీ సంగతి తేలిక. ముళ్ళు తీసేయండి. క్రౌన్ లాగి సమయం ముందుకి తిప్పుతూ వెళ్ళండి. తేదీ మారిన క్షణాన ఆపండి. మిషన్ లెక్కలో అదే అర్ధరాత్రి. చిన్న ముల్లు, పెద్ద ముల్లు రెండూ సరిగ్గా పన్నెండు మీద పెట్టి నొక్కండి. తర్వాత మెల్లగా తిప్పి మూడు, ఆరు, తొమ్మిది దగ్గర చిన్న ముల్లు గుర్తు మీదికే వస్తోందా చూడండి. ఈ వాచీలకి రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 దాకా తేదీని విడిగా మార్చకపోవడం క్షేమం. ఆ వేళ పళ్ళు కలిసి ఉంటాయి, బలవంతం చేస్తే అరుగుతాయి.

సెకన్ల ముల్లు ఆగడానికి కారణం రెండింట్లో ఒకటి. మీ ముళ్ళు ఏ మిషన్ కోసం చేసినవో చూడండి. ఎన్‌హెచ్35 కి రంధ్రాలు 1.50, 0.90, 0.20 మిల్లీమీటర్లు. 2824-2 కి 1.50, 0.90, 0.25. చిన్న, పెద్ద ముళ్ళు రెండింటికీ సరిపోతాయి కాబట్టి సెట్టంతా సరిపోయిందనుకుంటారు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా ఉన్న సెకన్ల ముల్లు మాత్రం కొన యందు నిలవక జారుతుంది. కొలత సరైనదే అయితే ముళ్ళు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. డయల్‌ని కంటి ఎత్తుకి తెచ్చి పక్కనుంచి భూతద్దంలో చూడండి, మూడింటి మధ్యా వెలుగు కనబడాలి. పన్నెండు గంటలూ తిప్పి చూడాలి, ఒక్కచోట చూసి ఊరుకుంటే కాదు. బల్ల మీద బాగా నడిచి, కేసులో పెట్టాక ఆగితే అద్దం లోపలి వైపు తాకుతోందని అర్థం.

ప్రశ్న: నా వాచీ రోజుకి పది సెకన్లు ముందుండేది. ఇప్పుడు ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకి పరిగెడుతోంది. కింద పడలేదు, తడవలేదు. విప్పమంటారా? (రిటైరైన ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: విప్పకండి మాస్టారూ. దాదాపు ఖాయంగా అయస్కాంతం పట్టింది. ట్యాబ్లెట్ కవర్లో, స్పీకర్లో, హ్యాండ్‌బ్యాగు బొత్తాల్లో అయస్కాంతాలే. అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బాలెన్స్ చక్రం మీద ఉండే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే దాని పొడవు తగ్గినట్టవుతుంది, చక్రం గబగబా కొట్టుకుంటుంది. దిక్సూచి దగ్గరకి తెస్తే దాని సూది కదలడం చాలాసార్లు కనబడుతుంది. డీమ్యాగ్నెటైజర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. బొత్తం నొక్కి పట్టుకుని వాచీని దాని మీదికి తెచ్చి, నొక్కి ఉంచే మెల్లగా చెయ్యంత దూరం తీసుకెళ్ళి, అప్పుడు వదలాలి. దగ్గరుండగానే వదిలితే మళ్ళీ అయస్కాంతం పడుతుంది.

ఆ తర్వాత కూడా ఆ పది సెకన్లు దిద్దుకోవాలంటే టైమ్‌గ్రాఫర్, అంటే టిక్కులు విని వేగం చెప్పే యంత్రం, కావాలి. అందులో ముందు లిఫ్ట్ యాంగిల్ (ఒక్కో రకం మిషన్‌కి ఉండే కోణం) సరిచెయ్యండి, ఎన్‌హెచ్35 కి 53 డిగ్రీలు, 2824-2 కి 50. నిండుగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్, అంటే బాలెన్స్ చక్రం ఊగే కోణం, 250 డిగ్రీలకి పైన ఉంటే ఆరోగ్యమే. 200కి దిగువ ఉంటే మాత్రం రేటు దిద్ది లాభం లేదు, మిషన్ శుభ్రం చేసి నూనె మార్చాలి. బాలెన్స్ పక్కన రెండు మీటలుంటాయి. ఒకటి వేగానిది, రెండోది బీట్ ఎర్రర్‌ది, అంటే టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడాది. రెండోదాన్ని ముట్టుకోకండి. మొదటిదాన్ని పుల్లతో ఊపిరి తగిలినంత జరపండి, అదే ఎక్కువ.

ఎంతకి తృప్తి పడాలి అంటారా? ఎన్‌హెచ్35 కి తయారీదారు ఇచ్చే హద్దు రోజుకి మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్లు. స్విస్ క్రోనోమీటర్ పరీక్షలో సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6. ఈ మిషన్ రోజుకి 5,18,400 సార్లు కొట్టుకుంటుంది, మీ పది సెకన్లంటే అందులో అరవై. నన్నడిగితే ఆ పదిని అలాగే ఉంచుకుంటాను. ముందుండే వాచీ బస్సు తప్పించదు.

ప్రశ్న: కొత్త డయల్‌ని పాతదానిలా కనిపించేట్టు చేయాలని ఉంది. పాత వాచీ డయల్ నుంచి వెలుగు పూత గీకి దీనికి పూయవచ్చా?

జవాబు: వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. పాత డయళ్ళ మీది పూతలో రేడియం ఉండవచ్చు. దాని అర్ధాయుష్షు 1,600 ఏళ్ళు. వెలగడం మానేసిందంటే పూతలోని వెలిగే పదార్థం చచ్చిందనే గానీ రేడియం పోయిందని కాదు. గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటి వాచీని ఇంట్లో అసలు తెరవకండి. డయల్ ముఖం మీద ఆరు అంకె దగ్గర 'టి' అక్షరాలుంటే అది ట్రిటియం, అర్ధాయుష్షు 12.3 ఏళ్ళు, ఇప్పటికి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది, అయినా గీకడం మాత్రం తగదు. మీగడ రంగులో ఉండి చీకట్లో వెలిగే కొత్త పూత, అంటే స్ట్రాన్షియం అల్యూమినేట్ రకం, సీసాల్లోనే దొరుకుతుంది. పాతబడిన లుక్కు దానితో వస్తుంది, ప్రమాదమూ లేదు.

ప్రశ్న: నేను బాగుచేసిన రెప్లికాని అమ్ముకోవచ్చా? రెప్లికా అని చెప్పే అమ్ముతాను.

జవాబు: దాని మీద వేరొకరి పేరుంటే అమ్మకూడదు. కొనేవాడికి నిజం చెప్పినా ట్రేడ్‌మార్క్ గొడవ తీరదు, వాడు మూడోవాడికి ఏం చెప్పి అమ్ముతాడో మీ చేతిలో ఉండదు. ఖాళీ డయల్ పెట్టి, లోపలి మిషన్ పేరు చెప్పి అమ్మితే అది వేరే లెక్క.

ప్రశ్న: డయల్ మీద 200 మీటర్లు అని ఉంది. మిషన్ మార్చాక ఈతకి పెట్టుకోవచ్చా?

జవాబు: డయల్ మీది అక్షరాలు నీళ్ళని ఆపవు. ఆపేది వెనక మూత, క్రౌన్, అద్దం దగ్గరున్న రబ్బరు రింగులు. మూత తీసిన ప్రతిసారీ రింగుని చూసి, నలిగి ఉంటే మార్చి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. స్క్రూ క్రౌన్ పూర్తిగా బిగించండి. ఆ తర్వాత నీళ్ళు లేకుండా గాలి ఒత్తిడితో పరీక్షించే యంత్రం ఉన్న వాచీ మెకానిక్ చేత చూపించండి. అది అయ్యేదాకా చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.